పడవ బయట ఉండగా తీగ పీకకూడదు

1. చైత్రం మొదట్లో

ఎర్త్ లాగ్‌లో అంటే పిడుగును నేలలోకి దింపే రాడ్లు చూసి రాసే ఈ పుస్తకంలో రీడింగ్ ఒక్కటే రాస్తే చాలదని ట్రైనింగులో చెప్పారు. నేల ఎలా ఉంది, తీగ ఎటునుంచి ఇంట్లోకి వస్తోంది, రేడియో సెట్టు ముందు ఎవరు కూర్చుంటారు, అన్నీ రాయాలి. "నీ తర్వాత వచ్చేవాళ్ళు నీ కళ్ళతో చూడగలగాలి" అన్నారు మా మేడమ్. గుల్లకొండ కాలనీకి నేనే మొదటి ఎర్త్ చెకర్ని. మా ఇంట్లో బడికి వెళ్ళినదాన్ని కూడా నేనే మొదట. రెండింటిలోనూ ఒకటే ఇబ్బంది. తప్పు చేస్తే ఇది తప్పని చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.

ఇవాళ కింది వరస ఇళ్ళు చూశాను. ప్రతి ఇంటి వెనకా ఒక వెదురుగడ, దాని మీద ఏరియల్, దాని మొదట్లో నేలలోకి కొట్టిన ఇనప రాడ్. పట్టుకుని ఊపితే ఊగుతున్నాయి. ఒకటి చేతికే వచ్చేసింది. మూరెడు కూడా లేదు.

"అడుగున రాయమ్మా, దిగదు" అంది ఆ ఇంటావిడ. మళ్ళీ తనే, "పాతూర్లో ఇంతే ఉండేది. ఏటయ్యింది?" అంది.

పాతూరంటే ఇప్పుడు నీళ్ళ అడుగున ఉన్న మా ఊరు. అక్కడ జానెడు తవ్వితే ఉప్పునీరు ఊరేదట. ఆ నేలలో ఎంత చిన్న రాడ్ గుచ్చినా పిడుగు సముద్రంలోకి దిగిపోయేది. సముద్రం ఊరిని తీసుకున్నాక మమ్మల్ని ఈ గులకరాతి కొండ మీదికి తెచ్చి పెట్టారు. మావాళ్ళు వలలు తెచ్చుకున్నారు, మరపడవలు తెచ్చుకున్నారు, ఆ మూరెడు రాడ్లు కూడా తెచ్చుకున్నారు. రీడింగ్ ఎంత తక్కువైతే నేల పిడుగును అంత బాగా మింగుతుంది. ఇక్కడ మీటర్ పెడితే ముల్లు అటు చివరికి వెళ్ళి ఆగిపోతోంది. అన్ని ఇళ్ళకీ అదే రీడింగ్. రాయడానికి కూడా విసుగ్గా ఉంది.

2. చైత్రం

ఇవాళ మా ఇల్లు.

సెట్టు ముందు కూర్చునేది మా అమ్మ, బండెమ్మ. ఉపగ్రహాలు పోయాక ఫోన్లు పలకడం మానేశాయి. అమ్మ దగ్గర ఒకటుంది, బొట్టు పెట్టుకోవడానికి అద్దంలా వాడుతుంది. పడవలు ఇప్పుడు మునిగిపోయిన కొబ్బరితోటలు దాటి చాలా దూరం వెళ్తాయి, రెండు మూడు రోజులకు గాని రావు. అందుకని ప్రతి సాయంత్రం ఆడవాళ్ళు సెట్ల ముందు కూర్చుంటారు. పడవలో మగవాళ్ళు వంతులవారీగా మైకు తీసుకుని ఇంటి మనిషిని పేరు పెట్టి పిలుస్తారు. "బండెమ్మా" అంటాడు మా నాన్న. "ఉన్నాను" అంటుంది అమ్మ. తర్వాత ఏం మాట్లాడుకున్నా మాట్లాడుకోకపోయినా ఆ రెండు మాటలూ అయితే చాలు.

పడవ బయట ఉండగా ఏరియల్ తీగ పీకకూడదని మా కాలనీలో కట్టుబాటు. పీకితే మనిషికి కట్టిన తాడు కోసినట్టే అంటారు. ఉరిమినా, మెరిసినా సెట్టు ముందు నుంచి లేవరు. అలాంటప్పుడు సెట్లో గరగర తప్ప ఏమీ వినబడదు. అయినా పిలుస్తూనే ఉంటారు.

పోయినేడు వైశాఖంలో మా కొర్లమ్మ పిన్ని అలాగే పిలుస్తూ పోయింది. అమ్మకు చెల్లెలు, మా పక్కిల్లే. అవతల నుంచి దానయ్య చిన్నాన్న పలకలేదని లేవకుండా పిలిచింది. ఇంకాస్త గట్టిగా పిలిచింది. ఆ గొంతు మా ఇంట్లోకి వినబడుతూనే ఉంది. పిడుగు వాళ్ళ గడ మీద పడింది. మైకు పట్టుకున్న చేతిని అమ్మ చూసింది, నన్ను చూడనివ్వలేదు.

నేను ట్రైనింగుకు వెళ్ళింది ఆ తర్వాతే. అక్కడ రెండో వారంలోనే తెలిసింది పిన్ని ఎలా పోయిందో. వాళ్ళింటికి రెండు ఎర్త్‌లున్నాయి. ఏరియల్‌ది వెనక, సోలార్ పలకది ముందు. రెండూ మూరెడువే, ఒకదానికొకటి కలపలేదు. పిడుగు పడగానే వెనక నేలలో కరెంటు ఒత్తిడి ఒక్కసారి పైకి లేచింది, ముందు నేలలో లేవలేదు. ఆ తేడా సెట్టు గుండా, మైకు గుండా, పిన్ని గుండా దాటింది.

ఇది అమ్మకు ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో పాఠంలో లేదు.

3. చైత్రం చివర

గడ్డపారతో గుంటలు తవ్వుతున్నాను. మనిషి లోతు కుదరడం లేదు, నడుం లోతు చేస్తున్నాను. అడుగున పొడుగు రాడ్ పడుకోబెట్టి, బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి, మట్టి కప్పడం. చేతులు బొబ్బలెక్కి పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది.

గుంట తడిగా ఉంటేనే పని చేస్తుంది. కొండ మీద నీళ్ళంటే పాత చేపల వలలు గాలికి కట్టి పొగమంచు పట్టుకున్న నీళ్ళే. ఎండలు ముదిరాక పొగమంచు తగ్గిపోయింది. ఇంటికి ఒక బిందె.

రోజుకో చెంబు గుంటలో పొయ్యమని అడిగాను. పై వరస చివరింటి ముత్యాలప్ప నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"ఓలమ్మో! తాగడానికి మాకే నేదు, నేలకి దాహమేత్తందా? సదువుకున్న పిల్ల గదా! ఇంకా నయం, దానికి అన్నం కూడా ఎట్టమననేదు!"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, కానీ నవ్వే ఓపిక లేదు.

సాయంత్రం అమ్మ ఉప్పుచేపల తొట్టి కడుగుతుంటే చూస్తూ కూర్చున్నాను. చేపలు తీసేశాక అడుగున మిగిలే ఊటనీళ్ళు కాలవలో పారబోసింది. ఉప్పునీళ్ళు! ప్రతి ఇంట్లో రోజూ పారబోసేవే. లేచి బకెట్ లాక్కున్నాను.

"కంపేనే!" అంది అమ్మ.

"కంపు కొట్టినా ఫరవాలేదమ్మా, గుంటలో పొయ్యి."

వారం తిరిగేసరికి మా గుంట రీడింగ్ సగానికి పడింది. కాలనీలో పిల్లులన్నీ మా ఎర్త్ గుంట చుట్టూ కూర్చుంటున్నాయి.

4. వైశాఖం మొదలు

ఊటనీళ్ళు పొయ్యడానికి ముత్యాలప్ప తప్ప అందరూ ఒప్పుకున్నారు, ఖర్చు లేదు కాబట్టి. ఇళ్ళ గుంటలన్నీ ఒకే రాగిపట్టీతో కలపాలంటే మాత్రం ఒప్పుకోవడం లేదు. మా ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి, సోలార్ పలకల చట్రాలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి. ఎవరి ఎర్త్ వాళ్ళదిగా ఉంచితే ప్రతి ఇల్లూ పిన్ని ఇల్లే.

మంచు వలల దగ్గర అందరూ బిందెలతో కూర్చున్నప్పుడు చెప్పాను.

"కలిపితే ఆలింటి పిడుగు మా ఇంటికొచ్చీదా?" అంది ముత్యాలప్ప. "నా గడ ఎత్తుదని అందరికీ కుళ్ళు. దూరం పోయిన పడవ మాట ముందు నా సెట్టుకే వత్తాది. ఇప్పుడు అందరి పిడుగులూ కూడా నాకే పంపుతావేటే?"

"పిడుగు రావడం రాకపోవడం పట్టీని బట్టి ఉండదప్పా. వచ్చాక ఎవరి గుండా దాటుతుందన్నదే పట్టీని బట్టి ఉంటుంది."

"ఏటో సెప్తంది."

రెండు ఖాళీ బిందెలు తీసుకుని నీళ్ళ తొట్టిలో పెట్టాను. "ఇవి రెండు పడవలనుకోండి. అల వచ్చి ఒకటి లేచింది, ఇంకోటి లేవలేదు. దీని అంచు మీదో చెయ్యి, దాని అంచు మీదో చెయ్యి వేసి ఉన్న మనిషి ఏమవుతాడు?" తర్వాత నా తువ్వాలుతో రెండింటి మెడలూ కలిపి కట్టాను. నీళ్ళు కదిపితే రెండూ కలిసి లేచాయి, కలిసి దిగాయి.

పడవల సంగతి వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

"కొర్లమ్మ ఇంట్లో అదే జరిగిందా?" అని అడిగింది అమ్మ. నలుగురిలో, అంత మామూలుగా.

"అదేనమ్మా."

అమ్మ తన బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మా గోడ పక్కన పట్టీ కోసం కాలవ తవ్వడం తనే మొదలుపెట్టింది.

5. వైశాఖం

రాగి ఎక్కడిదంటే, కొండ దిగువన చచ్చిన ఫోన్ టవర్ ఉంది. దాని గది చుట్టూ పాతిన పట్టీ ఎవరికీ గుర్తు లేదు. పంచాయితీలో అడిగి తవ్వుకున్నాం. పచ్చగా చిలుం పట్టి ఉంది, ఇసకతో తోమితే ఎర్రగా మెరిసింది. మూలల దగ్గర మడత పెట్టకుండా గుండ్రంగా తిప్పాలి, పిడుగుకు మడత నచ్చదు. సెట్టు లేని పిన్ని ఇల్లు తప్ప కింది వరసంతా అయింది. పై వరసలో ముత్యాలప్ప ఇల్లు ఒక్కటే మిగిలింది. పట్టీని ఆవిడ గోడ దాకా తెచ్చి, చుట్ట చుట్టి వదిలేశాను.

"అలగే ఉండనీ, బట్టలారేసుకుంటాను" అంది.

ఇంక రెండో మాట చెప్పాలి. ఎంత మంచి ఎర్త్ చేసినా అది ఇంటిని కాపాడుతుంది, సెట్టును కాపాడొచ్చు. మైకు పట్టుకున్న మనిషిని కాపాడేది మాత్రం తీగ పీకి దూరంగా కూర్చోవడమే. మొదటి ఉరుము వినబడగానే పీకాలి, మెరుపు నెత్తిమీదికి వచ్చాక ముట్టుకోకూడదు. తీగ కొస కిటికీ అవతల, ఎర్త్ గుంటకు కలిపిన ఇత్తడి కొక్కేనికి తగిలించాలి.

ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. ఎవరూ వాదించలేదు. ముఖాలు పక్కకు తిప్పుకున్నారు. చెడు మాటేదో నా నోట జారినట్టు, పెద్దమనసుతో వినబడనట్టు ఊరుకున్నారు.

అమ్మ కూడా అంతే. "కాలవ తవ్వమన్నావు, తవ్వినాను. కంపు నీళ్ళు పొయ్యమన్నావు, పోసినాను. అది మాత్రం అడక్కు, రత్నం."

6. వైశాఖం, ఉరుములు

ఇది రాయకపోతే ఈ లాగ్‌కు అర్థం లేదు.

మధ్యాహ్నం దాటాక దక్షిణాన నల్లగా కమ్మింది. పడవలు బయట ఉన్నాయి, నాన్నా దానయ్య చిన్నాన్నా ఒకే పడవలో. మొదటి ఉరుముకే అమ్మ సెట్టు ముందు కూర్చుంది.

"ఎల్లాజీ... ఎల్లాజీ... వినబడతందా?" మామూలుగా అమ్మ నాన్నను పేరు పెట్టి పిలవదు. సెట్టులోనే పిలుస్తుంది.

గరగర.

నేను కిటికీ దగ్గరకు వెళ్ళి తీగ మర విప్పి లాగేశాను. కొస బయట కొక్కేనికి తగిలించాను. సెట్టులో గరగర ఆగిపోయింది.

అమ్మ తిట్టలేదు. మైకు ఒళ్ళో పెట్టుకుని, "మీ నాన్న తాడు కోసీసినావు" అంది. అంతే.

నేను గుమ్మంలో నిలబడి చూశాను. రెండో వైపు పక్కింట్లో వాళ్ళు మా కొక్కేనికి వేలాడుతున్న తీగను చూశారు. కాసేపటికి వాళ్ళ కిటికీలోంచి కూడా ఒక చెయ్యి బయటకు వచ్చింది. ఆ తర్వాతింట్లోంచి ఇంకోటి. ఎర్త్ చెకర్ మాట వినలేదుగానీ, బండెమ్మ ఇంటి తీగ వేలాడటం చూసి పీకారు.

పై వరస చివర మాత్రం గొంతు వినబడుతూనే ఉంది. ముత్యాలప్ప అందరి పడవలనూ పిలుస్తోంది. పరిగెత్తాను.

"మీరంతా మూగోళ్ళయిపోనారు, ఒక్కర్తినైనా పలకాలా వద్దా?" అంది నన్ను చూసి, మైకు వదలకుండా.

"అప్పా, నీ గుంట పొడిగా ఉంది. పట్టీ కలపలేదు. లే అప్పా."

"ఎల్లు, ఎల్లు. నీ మీటర్ తీసుకుని ఎల్లు."

చెయ్యి పట్టుకుని లాగాను. నాకన్నా బలమైన మనిషి, ఒక్క తోపుకు గోడకు కొట్టుకున్నాను. అప్పటికే మెరుపూ ఉరుమూ దగ్గరదగ్గరగా వస్తున్నాయి. ఆ మెరుపులో గుమ్మంలో అమ్మ కనబడింది, తడిసిపోయి, రొప్పుతూ.

అమ్మ నేరుగా వచ్చి ముత్యాలప్ప వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి మైకు కింద పడేసింది.

"కొర్లమ్మ సెయ్యి నాను సూసినానే. నీ సెయ్యి కూడా సూడనేను. లేగు."

"తీగ ముట్టుకోకండి, ఆలస్యమైపోయింది" అని అరిచాను. "సెట్టు పోతే పోనీ."

ముగ్గురం గది మధ్యలో చెక్కమంచం మీద ఎక్కి కూర్చున్నాం. ముత్యాలప్ప ఏడుస్తూ తిడుతోంది, నన్నూ, నా చదువునూ, నన్ను కన్నదాన్నీ. తిట్టు మధ్యలో ఉండగా గడ మీద పడింది.

చప్పుడు గుర్తులేదు. తెల్లగా అయిపోవడం గుర్తుంది. కళ్ళు కనబడేసరికి సెట్టు ముఖం పగిలి పొగ వస్తోంది. నేల మీద మైకు కరిగి నల్లటి ముద్దయింది. ముత్యాలప్ప దాన్నే చూస్తోంది. తిట్టు పూర్తి చెయ్యలేదు.

7. అదే రోజు, వాన వెలిశాక

చీకటి పడకముందే వాన ఆగింది. ఉరుములు దూరమయ్యాక ఇంకా కాసేపు ఆగమన్నాను. ఎదురు మాట లేదు. తర్వాత తీగ తగిలించాను. మా సెట్టు పలికింది.

ముత్యాలప్ప మా ఇంట్లోనే అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ పిలిచింది. గరగర. మళ్ళీ పిలిచింది. నేను తీగ పీకిన చేతిని ఒళ్ళో దాచుకున్నాను.

"బండెమ్మా" అన్నాడు నాన్న.

అమ్మ "ఉన్నాను" అనలేకపోయింది. ముత్యాలప్పే మైకులోకి వంగి, "ఉంది ఉంది, సెప్పు బావా" అంది.

"ఏటే, పిలుత్తున్నావా ఇందాకట్నించి? నానిప్పుడే తగిలించినాను తీగ."

అమ్మ మైకు గట్టిగా పట్టుకుంది. "ఇప్పుడే తగిలించడమేటి?"

"ఉరుముతుంటే సముద్రం మీద తీగ ఎవుడుంచుతాడే? పీకీసి, కొస నీళ్ళల్లోకి ఇసిరీసి, పడవ అడుగున పడుకుంటాం."

"ఇవాళా?"

"ఎప్పుడూ అంతే."

"ఎప్పుడూ అంతేనా?"

నాన్న తేలిగ్గా నవ్వి ఏదో అనబోయి ఆగిపోయాడు. అప్పుడే ఆయనకీ తట్టినట్టుంది. ఆ పడవలో పక్కనే దానయ్య చిన్నాన్న ఉన్నాడు. పిన్ని పోయాక చిన్నాన్న ఒక్కసారి కూడా మైకు తీసుకోలేదు. ఆయన వంతు వచ్చినప్పుడు మైకు పక్కవాడికి ఇచ్చేస్తాడు.

సెట్టులో గాలి చప్పుడు, నీళ్ళు పడవకు తగిలే చప్పుడు వినబడ్డాయి. నాన్న మైకు మీట వదల్లేదు.

పిన్ని లేవకుండా పిలిచింది చిన్నాన్న పలకలేదని. చిన్నాన్న పలకలేదు తీగ పీకి పడుకున్నాడు గనుక. ఇన్నేళ్ళూ మా ఆడవాళ్ళంతా పిడుగుల కింద కూర్చుని, తీగ లేని సెట్లను పిలుస్తూ వచ్చారు. ఆడవాళ్ళు కంగారు పడతారని మగవాళ్ళు చెప్పలేదు. తాడు కోసుకున్నారా అని అడగకూడదనుకుని ఆడవాళ్ళు అడగలేదు.

ముత్యాలప్ప లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "ఆ రాగిపట్టీ రేపు కలిపీ" అంది.

8. వైశాఖం చివర

పడవలు వచ్చాయి. చిన్నాన్న తిన్నగా తన ఇంటికి వెళ్ళలేదు. మా గుమ్మం ముందు నిలబడి గడ్డపార అడిగాడు.

పిన్ని పోయాక ఆ ఇంటికి గుంట తవ్వలేదు, సెట్టు లేదు గదా అని. చిన్నాన్న తవ్వుతుంటే నేను మట్టి ఎత్తిపోశాను. నడుం లోతు దాటాడు. చాలన్నా ఆగలేదు. రాయి తగిలితే రాతిని పగలగొట్టాడు.

"అది అడగనేదు. నాను సెప్పనేదు" అన్నాడు ఒకసారి, పైకి చూడకుండా. "పీకీసినానంటే బెంగెట్టుకుంటాదని."

మీ తప్పు కాదు అనొచ్చు. ఎర్త్‌లు రెండూ కలిపి ఉంటే పిన్ని బతికేదేమో అనొచ్చు. రెండూ ఆయనకు పనికిరావు. బొగ్గు బుట్ట అందించాను.

సాయంత్రం అమ్మ తన తొట్టిలోంచి ఊటనీళ్ళు తెచ్చి ఆ గుంటలో పోసింది. ముందు మీటర్ పెట్టి చూసి, తర్వాత పట్టీ కలిపాను. కాలనీ మొత్తంలో అన్నిటికన్నా మంచి రీడింగ్ ఆ ఇంటిదే.

9. జ్యేష్ఠం

మళ్ళీ పడవలు వెళ్ళాయి. ఈసారి వెళ్ళేముందు రేవులో మాట అనుకున్నారు. నేను చెప్పిన నియమం కాదు, వాళ్ళలో వాళ్ళే అనుకున్నారు. మొదటి ఉరుము ఎవరికి వినబడితే వాళ్ళు ముందు చెప్పాలి. అవతలివాళ్ళు కూడా చెప్పాలి. రెండు వైపులా చెప్పాకే పీకాలి.

ఇవాళ మధ్యాహ్నం దూరంగా ఉరిమింది. నేను పై వరసలో మూడో ఇంట్లో రాడ్ బిగిస్తున్నాను, పట్టకారు అక్కడే వదిలి కిందికి వచ్చాను. మా ఇంట్లో ముత్యాలప్ప ముందే వచ్చి కూర్చుంది. ఆవిడకు కొత్త సెట్టు ఇంకా రాలేదు. "మీ సెట్టులో మా ఆయన గొంతు ముసిలోడి గొంతులా ఉంటాదేటే" అని అమ్మతో తగువు పడుతోంది.

మాటలు ఒకటొకటే వచ్చాయి.

"ముత్యాలూ, పీకీత్తన్నాం."

"మేమూ పీకీత్తన్నాం. జాగర్త, ముసిలోడా."

"బండెమ్మా, పీకీత్తన్నాను."

"నానూ పీకీత్తన్నాను."

నేను కిటికీ దగ్గర మర విప్పడానికి చెయ్యి వేశాను. అమ్మ ఆగమని చెయ్యెత్తింది. సెట్టులో ఇంకా ఎవరో ఊపిరి తీస్తున్నారు. మైకు చేతులు మారిన చప్పుడు. ఏడాదిగా సెట్టులో వినని గొంతు.

"కొర్లమ్మా" అన్నాడు చిన్నాన్న. ఆగాడు. "పీకీత్తన్నానే."

పక్కింట్లో సెట్టు లేదు. పలికేవాళ్ళు లేరు. ముత్యాలప్ప పైట నోటికి అడ్డం పెట్టుకుంది. దక్షిణాన మళ్ళీ ఉరిమింది, ఈసారి కాస్త దగ్గరగా. నేను అమ్మ వైపు చూశాను.

అమ్మ మైకు దగ్గరగా తీసుకుంది.

"కొర్లమ్మ ఇల్లు" అంది. "ఇక్కడా పీకీసినాం, మరిదీ. నువ్వు పడుకో."

తీగ లాగేశాను. కొస కొక్కేనికి తగిలించి, వచ్చి వాళ్ళ మధ్య మంచం మీద కూర్చున్నాను. ఇవాళ్టికి ఇంక రీడింగులు తీసుకోలేదు.